మంచులో రేపల్లె బండి

పెళ్ళి ఫొటోగ్రాఫర్‌కి సెలవులిచ్చేది పంచాంగం. ఆషాఢం వస్తే సెలవు, పుష్యం వస్తే సెలవు, మూఢం వచ్చిపడితే పెద్ద సెలవు. మిగతా రోజుల్లో పురోహితుడు ఏ వేళకి ముహూర్తం పెడితే ఆ వేళకి నవ్వుముఖం పెట్టుకుని మండపం పక్కన నిలబడాల్సిందే. తెనాలిలో నేను స్టూడియో తెరిచి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఎన్ని మెడల్లో తాళి పడుతుండగా చూశానో లెక్కలేదు, చూసినవన్నీ ఒంటికన్నుతోనే. అప్పగింతలప్పుడు ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే నేను లైటు సరిచూసుకుంటాను. "కొంచెం ఇటు తిరిగి ఏడవమ్మా" అని ఒక పెళ్ళికూతురితో అనేశాను కూడా. ఆ పిల్ల పాపం నిజంగానే తిరిగింది.

ఇన్ని ఫొటోలు తీసిన మనిషికి నాది అని చూపించుకోవడానికి ఒక్కటీ లేదు. పెళ్ళికూతురు ఆల్బం తెరిచి తన చీర చూసుకుంటుంది. పెళ్ళికొడుకు తల్లి తను ఎన్నింట్లో పడిందో చూసుకుంటుంది. ఇవి ఎవరు తీశారని అడిగేవాళ్ళు లేరు, బాగా రానప్పుడు తప్ప. నా కోరిక పెద్దదేమీ కాదు. పెళ్ళీ పేరంటమూ లేని ఫొటో ఒకటి తీయాలి. మన పొలం, మన మంచు, మన వెలుతురు అందులో ఉండాలి. దాన్ని స్టూడియోలో గోడకి తగిలిస్తే, పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాడు ఎవడో దాని ముందు ఆగి, "ఇది ఎవరు తీశారండీ?" అని అడగాలి. నేను గల్లా దగ్గర కూర్చుని, తల ఎత్తకుండా, "నేనేనండి" అనాలి. ఈ ముచ్చట కోసం కొన్నేళ్ళుగా తిరుగుతున్నాను.

ఫొటోలు తీసేవాళ్ళు రెండే మాటలు చెబుతారు. ఓపిక ఉండాలి, అదృష్టం కలిసిరావాలి. అదృష్టం మన చేతిలో లేదని అందరికీ తెలుసు. ఓపిక మాత్రం మన చేతిలోదే అనుకుంటాం. యాభై అయిదు దాటాక తెలిసింది, నా ఓపిక నా మోకాళ్ళ చేతిలో ఉందని. పెళ్ళిలో అయితే అన్నీ నా మాట వింటాయి. తాళి కట్టే చెయ్యి కూడా "ఒక్క నిమిషం, ఇటు చూడండి" అంటే ఆగుతుంది. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు మొత్తుకుంటున్నా ఆగుతుంది. సూర్యుడితో ఆ మాట చెప్పిచూడండి.

మొదట్లో బాపట్ల వెళ్ళేవాడిని, సూర్యలంక సముద్రం మీద పొద్దుపొడుపు కోసం. తెల్లవారేసరికి ఒడ్డున నాకంటే ముందు నాలుగు జంటలు, వాళ్ళ వెనక నాలుగు కెమెరాలు. పెళ్ళికి ముందు తీయించుకునే ఫొటోల వాళ్ళు. పని తప్పించుకుని వెళ్ళినవాడికి అక్కడా పనే ఎదురైతే ఎలా ఉంటుందో చెప్పలేను. తర్వాత నిజాంపట్నం హార్బరుకి పోయాను, వేట నుంచి వచ్చే బోట్ల కోసం. బోట్లు వచ్చిన రోజు మబ్బు, మబ్బు లేని రోజు బోట్లు లేవు. ఎండుచేపల వాసన మాత్రం నాతోపాటు తెనాలి దాకా వచ్చింది. మా ఆవిడ కెమెరా బ్యాగుని రెండు రోజులు పెరట్లోనే ఉంచింది.

కిందటేడు ఒక నిశ్చితార్థానికి రేపల్లె బండిలో వెళ్తుంటే కిటికీలోంచి కనిపించింది నాకు కావలసిన చోటు. రేపల్లె ఇంకా కొంచెం దూరం ఉందనగా, పట్టాలకి పడమటి వైపున, కోతలైన పొలాల మధ్య ఒక గట్టు. దాని మీద ఒకే వరసలో తాటిచెట్లు. ఆ గట్టుకి ఇవతల నిలబడి తూర్పుకి చూస్తే ముందు చెట్లు, వాటి వెనక రైలుకట్ట, దాని పైన పొద్దు. మంచు పట్టిన పొద్దున, చెట్ల సందుల్లోంచి రైలు పోతుండగా, దాని నెత్తిన సూర్యుడు లేస్తే! సీట్లో కూర్చునే నేను ఆ ఫొటో తీసేశాను, చేతిలో కెమెరా లేకుండా.

ఈ ఏడు కార్తీకం దాటగానే మూఢం వచ్చిపడింది. మాఘం దాకా ముహూర్తాలు లేవు. చర్చి పెళ్ళిళ్ళు ఒకటి రెండు తప్ప పని లేదు. అదే సమయానికి నా కుడికంట్లో శుక్లం ముదురుతోందని గుంటూరు డాక్టరు చెప్పాడు. నేను కెమెరాలోంచి చూసేది ఆ కంటితోనే. మా ఆవిడ తీర్పు చెప్పేసింది.

"ఈ చలికాలం మీది. ఏం తీసుకుంటారో తీసుకోండి. మాఘంలో పెళ్ళిళ్ళు మొదలయ్యేలోపు ఆపరేషన్. ఆ తర్వాత చీకటితో లేచి బండేసుకుని పొలాల వెంట తిరగడాలు ఇంక ఉండవు. మంచులో ఏ లారీ కిందో పడితే నన్ను చూసేదెవరు?"

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. ఈ చలికాలం దాటితే ఆ ఫొటో ఇంక లేనట్టే.

మంకీ క్యాప్ తగిలించుకుని, మఫ్లరు చుట్టుకుని, చీకటితో బయలుదేరేవాడిని. రోడ్డు పక్కన స్కూటరు ఆపి, మినుము చేలో మంచుకి తడుస్తూ గట్టుకి ఇవతలికి చేరేవాడిని. చీకట్లో, మంచులో, రోజూ ఒకే చోట ట్రైపాడ్ నిలబెట్టడం కష్టమని దాని మూడు కాళ్ళ దగ్గరా మూడు మేకులు కొట్టాను. కనిపించడానికి వాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టాను. కెమెరా తడవకుండా దానికి ప్లాస్టిక్ కవరు తొడిగేవాడిని. పొద్దు రోజురోజుకీ ఎటు జరుగుతోందో చూడటానికి గట్టు వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, ఒక కన్ను మూసి, చెయ్యి చాపి చూసుకునేవాడిని. ఇదంతా ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పని మొదలుపెట్టాక అసలు చిక్కు బయటపడింది. మంచు లేని రోజు రైలు వేళకి వచ్చేది. ఎండలో, ఖాళీగా, ముఖం కడుక్కున్నట్టు శుభ్రంగా వచ్చేది. అలాంటి ఫొటో ఎవరికి కావాలి? మంచు పట్టిన రోజు రైలు ఆలస్యం, ఎందుకంటే మంచు పట్టింది కాబట్టి. అది వచ్చేసరికి పొద్దు బారెడెక్కి, మంచు కరిగిపోయి, చేలో కొంగలు తిరుగుతూ ఉండేవి. నాకు కావలసిన రెండింటికీ ఒకదానికొకటి పడదు. ఈ సంగతి అర్థమైన రోజు గట్టు మీద కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. నవ్వు అయ్యాక స్కూటరు దాకా నడవడానికి ఓపిక లేకపోయింది.

అయినా వెళ్తూనే ఉన్నాను. దాన్ని పట్టుదల అని పొగుడుకోలేను. అలవాటైపోయింది, అంతే. ఇంటికి ఉసూరుమంటూ వచ్చి, కార్డులో పడినవి చూసి, అన్నీ చెరిపేసి పడుకునేవాడిని. మా ఆవిడ అడగడం కూడా మానేసింది. నా ముఖం చూస్తే తెలిసిపోయేదట.

మొదటి వారంలోనే ఆ పొలం పెద్దాయన పరిచయమయ్యాడు. అరవై దాటిన మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని మంచులోంచి వచ్చాడు.

"ఎవరండీ అది?"

"ఫొటోలు తీసుకుంటున్నానండి. తెనాలి నుంచి వచ్చాను."

"ఫొటోలా? దేనికండి?"

"ఈ చెట్లకి. అదిగో, ఆ రైలు వచ్చేటప్పుడు."

ఆయన చెట్ల వంక చూశాడు. రైలు లేని పట్టాల వంక చూశాడు. కవరు తొడిగిన నా కెమెరా వంకా, ఎర్రపీలికలు కట్టిన మేకుల వంకా చూశాడు. ఆఖరికి ఏదో అర్థమైనట్టు నవ్వాడు.

"అలాగేనండి, ఫొటోలేనండి. మీ పని మీరు చేసుకోండి. మేం అడ్డం రాము."

మర్నాడు ఫ్లాస్కుతో కాఫీ తెచ్చాడు. ఆ మర్నాడు కాల్చిన తేగలు తెచ్చాడు. మూడో నాడు ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి, చేలో నాకు వేసి, తను నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు. "తొందరలేదండి, నిదానంగా చూసుకోండి. తొందరపడితేనే తప్పులొచ్చేది" అనేవాడు. ఫొటోల గురించి ఇంత బాగా చెప్పినవాళ్ళు లేరనిపించింది నాకు.

ఆయన లేని పూట గట్టు అవతలి నుంచి ఇంకొకాయన వచ్చేవాడు. వయసులో కొంచెం చిన్న, ముఖం మాత్రం అదే అచ్చు. అరటిపళ్ళు తెచ్చేవాడు, ఒకసారి బొండాలు కొట్టించి తెచ్చాడు. ఇద్దరూ అన్నదమ్ములనీ, గట్టుకి ఇటు పొలం అన్నదనీ, అటు పొలం తమ్ముడిదనీ మాటల్లో తెలిసింది. ఒకరు ఉన్నప్పుడు ఇంకొకరు రారు. పొరపాటున ఎదురుపడితే తమ్ముడు చేను చుట్టూ తిరిగి పోయేవాడు. ఎందుకని నేను అడగలేదు. పెళ్ళిళ్ళలో మాట్లాడుకోని అన్నదమ్ముల్ని ఒకే ఫొటోలో నిలబెట్టడం నా వృత్తి కాబట్టి, అదొక వింతగా అనిపించలేదు.

"ఆ ఊళ్ళో నాకు ఎంత మర్యాద చేస్తున్నారో నీకు తెలియదు" అన్నాను మా ఆవిడతో, తేగల కట్ట ఆవిడ ముందు పెట్టి. "తెనాలిలో ముప్ఫై ఏళ్ళ నుంచి ఉన్నాను, ఒక్కడు కుర్చీ వేశాడా?"

"ఎవరూ ఊరికే కుర్చీ వేయరండీ" అందావిడ, తేగ వలుస్తూ.

ఆడవాళ్ళకి అన్నీ అనుమానాలే అనుకున్నాను.

రోజులు అలాగే గడిచాయి. కంటి నుంచి నీరు కారడం ఎక్కువైంది. దీపం చూస్తే చుట్టూ వలయం కనపడేది. గుంటూరులో ఆపరేషన్‌కి రోజు ఖాయం చేసి, మా ఆవిడ క్యాలెండర్లో గుండ్రంగా గీసింది. దానికి ముందు మిగిలింది ఒక్క తెల్లవారుజాము. అంతకు ముందురోజు మంచు లేదు, రైలు వేళకే వచ్చింది, ఎప్పటిలాగే శుభ్రంగా. నేను కెమెరా సర్దుకుంటూ పెద్దాయనతో చెప్పాను.

"రేపటితో అయిపోతుందండి. ఇంక రాను. ఇన్నాళ్ళూ నాకు మంచి మర్యాద చేశారు."

ఆయన ముఖంలో రంగు మారింది. "రేపేనా అండి?" అన్నాడు. నేను ఇంక రానన్నందుకు బాధపడుతున్నాడనుకుని, నాకూ కొంచెం మనసు బరువెక్కింది.

మర్నాడు వెళ్ళేసరికి ఆకాశం తేటగా ఉంది. చుక్కలు కనిపిస్తున్నాయి. సరే, ఇదీ అంతే, అనుకున్నాను. ఆఖరిరోజు కదా అని మేకుల మీద ట్రైపాడ్ నిలబెట్టి, కవరు తొడిగి, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. తూర్పు తెల్లబడుతుండగా, కాలవ వైపు నుంచి మంచు లేచింది. అలా వస్తుందని నేనెప్పుడూ చూడలేదు. చేల మీద పాల మీగడలా పరుచుకుంటూ వచ్చి, వరికుప్పల్ని చుట్టేసి, తాటిచెట్ల మొదళ్ళని ముంచింది. దూరంగా రైలు కూత వినిపించింది. మంచు పడకముందే తెనాలిలో బయలుదేరిన బండి, మంచులో చిక్కుకుని, కూత మీద కూత వేసుకుంటూ నిదానంగా వస్తోంది. వెనక సూర్యుడు, చూస్తే కళ్ళు చెదరకుండా, ఎర్రగా లేస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఒకదానికొకటి పడవనుకున్నవన్నీ ఒకే నిమిషంలో వచ్చాయి. గబగబా కవరు లాగేశాను.

లెన్సులోంచి చూస్తే గట్టు మీద మనుషులు.

నలుగురు. పెద్దాయన, ఆయన భార్య, తమ్ముడు, తమ్ముడి భార్య. ఉతికిన బట్టలు కట్టుకుని, తలలు దువ్వుకుని, సరిగ్గా నా ఫొటో మధ్యలోకి నడిచొస్తున్నారు. ఒళ్ళు మండిపోయింది. చలికాలమంతా ఎదురుచూసింది ఈ నిమిషం కోసం.

"తప్పుకోండి! పక్కకి తప్పుకోండి!" అని అరిచాను.

వాళ్ళు తప్పుకోలేదు సరికదా, గట్టు దిగి నా దగ్గరికే వచ్చారు. పెద్దాయన రెండు చేతులూ జోడించాడు.

"సార్, ఒక్క మాట. మీరు గీత గీసేముందు మా మాట వినండి."

"ఏం గీతండీ?"

"దాచడం దేనికి సార్. మిషన్ పెట్టిన రోజే మాకు తెలిసింది. భూముల రీసర్వేకి వచ్చారని ఊరంతా అనుకుంటానే ఉంది. ఈ గట్టు నాదంటే నాదని మేం పన్నెండేళ్ళ నుంచి మాట్లాడుకోవట్లేదు. మీరు గీస్తే ఎవరో ఒకరికి పోయిద్ది. పోయినోడు ఊరుకోడు. నిన్న మీరు ఆఖరని చెప్పాక, వీడి ఇంటికి నేనే వెళ్ళాను. కూర్చుని మాట్లాడుకున్నాం. గట్టు మధ్యలో రాయి వేయండి. చెట్లు ఇద్దరివీ. అదే రాసుకోండి."

 మేకులు, ఎర్రగుడ్డలు, కన్ను మూసి చెయ్యి చాపి చూడటాలు, కుర్చీ, కాఫీ, తేగలు అన్నీ ఒక్కసారి నా ముందుకొచ్చి నిలబడ్డాయి. ఉత్త చెట్లకి ఫొటో తీయడానికి తెనాలి నుంచి రోజూ ఒక మనిషి వస్తాడని వాళ్ళెవరూ ఒక్క రోజు కూడా నమ్మలేదు. వాళ్ళ చోట నేనున్నా నమ్మేవాడిని కాదు.

నేను సర్వే మనిషిని కాదని చెప్పబోయి తమ్ముడి వంక చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. "అన్న చెప్పిందే నా మాట కూడానండి" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో కనపడుతూనే ఉంది. వెనక ఆడవాళ్ళిద్దరూ చలికి ఒకే దుప్పటి కప్పుకుని నిలబడ్డారు. తమ్ముడి భార్య కళ్ళు తుడుచుకుంటోంది. నేను ఉత్త ఫొటోగ్రాఫర్నని ఇప్పుడు చెబితే ఏమవుతుంది? గీత గీసేవాడు రాలేదని తెలిస్తే, రాత్రి ఇచ్చిన మాట పొద్దుటికి నిలుస్తుందా? సిగ్గు ఒకటి తోడై, ఇంకో పన్నెండేళ్ళు ముఖాలు చూసుకోరు. పెళ్ళిళ్ళలో ఇలాంటివి చాలా చూశాను.

రైలు కూత దగ్గరైంది.

"సరే, అలాగే. మళ్ళీ గట్టు మీదికెక్కండి" అన్నాను. "అన్నగారు ఇటు చెట్టు దగ్గర, తమ్ముడుగారు అటు చెట్టు దగ్గర. చెట్టు మీద చెయ్యి వేసి నిలబడండి. అమ్మా, మీరిద్దరూ మధ్యలో ఉండండి. ఇటు చూడండి, కదలొద్దు."

మండపం మీద ఎంత వింటారో అంత బుద్ధిగా విన్నారు. నేను మిషన్‌లోంచి చూశాను. నడుం దాకా మంచులో నలుగురు మనుషులు, వాళ్ళ పక్కన తాటిమొదళ్ళు, వెనక మంచుని చీల్చుకుంటూ రేపల్లె బండి, దాని నెత్తిన ఎర్రగా పొద్దు. వరసగా నొక్కుతూ పోయాను. ఒకదాంట్లో పెద్దాయన నా వంక చూడటం మరిచిపోయి, తమ్ముడి వంక చూస్తున్నాడు. ఆ చూపు ఎలాంటిదో చెప్పమంటే చెప్పలేను. కన్ను మసకబారింది. శుక్లం వల్ల మాత్రం కాదు.

"అయిపోయింది. రాసుకున్నాను" అన్నాను.

మేకులు పీకుతుంటే పెద్దాయన కంగారుపడ్డాడు. "రాయి వేయరా అండి?"

"మీరే వేసుకోండి. ఇద్దరూ ఒప్పుకున్నాక ఎవరు వేసినా ఒకటే."

ఆ మధ్యాహ్నం కంప్యూటర్లో ఆ ఫొటో తెరిస్తే, మా ఆవిడ చేస్తున్న పని ఆపి వచ్చి నిలబడింది. నేను తీసిన పెళ్ళి ఫొటోలు చూసి ఎప్పుడూ ఒక్క మాట అనని మనిషి.

"ఇది ఎవరు తీశారండీ?" అంది.

ముప్ఫై ఏళ్ళ నుంచి వినాలనుకున్న మాట. "నేనే" అన్నాను. 

ఆపరేషన్ అయ్యింది. కంటికి కట్టు విప్పాక మొట్టమొదట ఆ ఫొటోనే పెద్ద సైజులో ప్రింటు తీయించాను, మంచి ఫ్రేము కట్టించాను. నీలాలు, ఎరుపులు ఇంత ఉన్నాయని పాతకంటికి తెలియనే లేదు. గోడకి తగిలించడానికి స్టూలెక్కి, సుత్తి చేతిలో పట్టుకుని, ఆగిపోయాను.

రేపల్లె వైపు ఊళ్ళవాళ్ళు దేనికైనా వచ్చేది తెనాలికే. ఆసుపత్రికి, పెళ్ళి బట్టలకి, సినిమాకి. మా స్టూడియో ఉన్నది బస్టాండుకి వెళ్ళే దారిలో. ఆ ఊరివాడు ఒక్కడు ఈ ఫొటో చూశాడంటే చాలు, సర్వేకి వచ్చిన సారు ఎవరో తేలిపోతుంది. ఒక స్టూడియోవాడి మాట మీద గట్టు పంచుకున్నామా అని తమ్ముడికి అనిపించవచ్చు, అన్నకి అనిపించవచ్చు. పోటీలకి పంపమని, ఫేస్‌బుక్‌లో పెట్టమని తోటి ఫొటోగ్రాఫర్లు చెవిలో పోరారు. ఈ రోజుల్లో ఫోను లేని చెయ్యి ఏ ఊళ్ళో ఉంది? స్టూలు దిగాను. ఫ్రేముని పాత చీరలో చుట్టి బీరువా వెనక పెట్టాను. "ఎన్నాళ్ళని?" అని మా ఆవిడ అడిగింది. వాళ్ళిద్దరూ ఉన్నన్నాళ్ళూ అనుకోవాలి. ఇద్దరూ గట్టి మనుషులే. దాని బదులు ఏదైనా వేరే చోట వేరే ఫొటో తీసుకోరాదా అంటే, నాలో ఇంక అంత శక్తి లేదు. అదృష్టం ఒకసారి వచ్చి వెళ్ళింది. రెండోసారి దానికోసం నిలబడే మోకాళ్ళు నాకు లేవు.

ఫాల్గుణంలో బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పని మీదే. పొద్దుటి నుంచి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. తలంబ్రాలు అయి, భోజనాలకి పిలుస్తుండగా, బంతిలోంచి ఒకాయన లేచి నావైపే వస్తున్నాడు. తమ్ముడు. పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు.

"నమస్కారం సార్! మీరిక్కడా!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "మీ వాళ్ళు మళ్ళీ వచ్చారండి, మిషన్లేసుకుని. ముందే పెద్ద సారొచ్చి చూసెళ్ళారని మా అన్న చెప్పాడు. మేమిద్దరం ఒకటే మాట మీద ఉన్నామని చూసి, రాయి మేం వేసిన చోటే ఉంచారు. మీ దయండి."

"నాదేముందండీ, మీ మంచితనం" అన్నాను.

"పెళ్ళివారు మీకు బంధువులా అండి?"

"ఆ... కావలసినవాళ్ళే."

అప్పుడు ఆయన కళ్ళు నా మెడలో వేలాడుతున్న కెమెరా మీద పడ్డాయి. ఆశ్చర్యంగా, ఎంతో గౌరవంగా నా వంక చూశాడు.

"మీకు ఫొటోలు తీయడం కూడా వచ్చా సార్?"

"ఏదో, కొద్దిగా వచ్చండి" అన్నాను.